ప్రమాదములకు "అజాగ్రత్త"యే కారణమా?

ఒక మిల్లులో కార్మికుని వ్రేళ్ళు యంత్రములో పడి నలిగిపోవును. ఒక రైలు ఎఱ్ఱదీపమును దాటి ముందుకు పోవును. ఒక ఆసుపత్రిలో ఒక మందునకు బదులు మరియొకటి రోగి శరీరములోనికి ఎక్కును. విచారణ జరుగును. చివరకు వెలువడు నివేదికలో చాలమారులు ఒకటే మాట కనిపించును: "అజాగ్రత్త". దాని ప్రక్కన ఎవరో ఒకరి పేరుండును. ఆయనకు శిక్ష పడును. మిగిలిన వారికి "జాగ్రత్తగా పనిచేయవలెను" అని ఒక సర్క్యులరు అందును. కొంతకాలమునకు అదే యంత్రము వద్ద, అదే పొరపాటు, వేరొకరి చేత జరుగును.

ఒకే ఫలితము వేర్వేరు మనుష్యుల చేతిలో మరల మరల వచ్చుచున్నప్పుడు దాని కారణమును ఒక్కొక్కరి స్వభావములో గాక, వారందరికిని సామాన్యమైన పరిస్థితిలో వెదకుట విజ్ఞానశాస్త్ర పద్ధతి. పది సంవత్సరములు సరిగా పనిచేసిన వాడు ఒకనాడు తప్పు చేసినచో, ఆనాడు మారినదేమి? "అజాగ్రత్త" అనుట ఈ ప్రశ్నకు సమాధానము కాదు. జ్వరమునకు కారణమేమని అడిగిన, ఒళ్ళు వేడెక్కుటయే యని చెప్పినట్లుండును.

ఈ మాటకు అంత బలము వచ్చుటకు ఒక చరిత్ర కలదు. అమెరికాలో ఒక బీమా సంస్థలో పనిచేసిన హైన్రిచ్ అను నాయన 1931లో కర్మాగార ప్రమాదముల నివారణపై ఒక గ్రంథమును ప్రచురించెను. వేలకొలది ప్రమాదముల నివేదికలను పరిశీలించి, నూటికి 88 ప్రమాదములకు మనుష్యుల చేష్టలే కారణమనియు, 10 మాత్రమే యంత్రముల లేక పరిసరముల లోపము వలన కలిగినవనియు, మిగిలిన 2 నివారింప శక్యము కానివనియు ఆయన లెక్కకట్టెను. ఈ అంకెలు దశాబ్దముల తరబడి పాఠ్యగ్రంథములలో నిలిచినవి. కాని ఆయన చూచినవి చాలవరకు బీమా దస్త్రములు, యజమాన్యముల రికార్డులు. వానిని వ్రాసినది గాయపడిన కార్మికుడు కాదు. పైగా ఒక్కొక్క ప్రమాదమునకు ఒక్కటే కారణమును ఎంచి వ్రాసినచో, ఆఖరున యంత్రమును తాకిన వాని పేరే మిగులును. లెక్క సరిగానే వేసినను, లెక్కకు తీసికొనిన సరకు ఎట్టిదో చూడవలెను గదా!

పొరపాటు అనునది ఒక్క జాతిది కాదు. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ 1990లో వెలువరించిన గ్రంథములో దీనిని చక్కగా విడదీసి చూపినాడు. ఉద్దేశము సరియైనదే, కాని చేయి తప్పును: నిద్రమత్తులో కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు వేయుట ఇట్టిది. కొన్నిమారులు చేయవలసిన మెట్టు మనస్సునుండి జారిపోవును: ఇది మరపు. కొన్నిమారులు చేయి అనుకొన్నదే చేయును, కాని అనుకొన్నదే తప్పు: ఇది అపోహ. ఇక నియమము తెలిసియు దానిని దాటుట నాలుగవది. ఈ నాలుగింటికిని చికిత్స ఒకటి కాదు. మరపునకు పాఠము చెప్పి లాభము లేదు. మరచినవానికి ఆ పాఠము ముందే వచ్చును.

చేయి తప్పుటయు, మరపును, క్రొత్తవానికంటె ఆరితేరిన వానికే ఎక్కువ సహజము. సైకిలు నేర్చుకొను పిల్లవాడు ప్రతి కదలికను గమనించును. నేర్చిన పిదప కాళ్ళు వాని పని అవి చేసికొనుచుండగా మనస్సు పరీక్షలను గూర్చి ఆలోచించును. నేర్పు అనగా ఇదియే: గమనింపకుండ చేయగలుగుట. ఆ గమనింపకుండుటలోనే పొరపాటునకు చోటున్నది. ముఖ్యమైన పని పూర్తియైనదని మనస్సు భావించిన క్షణమున, మిగిలిన చిన్న మెట్లు జారిపోవును. బ్యాంకు యంత్రమునుండి డబ్బు తీసికొనినవారు కార్డును అందులోనే మరచి పోవుటకు కారణమిదే. వచ్చినది డబ్బు కొఱకు, అది చేతికి వచ్చినది. అందువలన అనేక యంత్రములలో కార్డు తీసికొనిన పిమ్మటనే డబ్బు వెలుపలికి వచ్చునట్లు వరుసను మార్చిరి. కార్డు మరువవద్దని గోడమీద వ్రాయుటకంటె ఈ మార్పు ఎంతో ఎక్కువ పనిచేయును.

మనుష్యుని పొరపాటు యంత్రపు ఏర్పాటుతో ఎట్లు పెనవేసికొని యుండునో చూపుటకు రైల్వే చరిత్రలోని ఒక సంఘటన మిక్కిలి తగినది.

ఒకే లైను ఉన్నచోట రెండువైపులనుండియు రైళ్ళు నడువవలెను. 1874లో ఇంగ్లండులో నార్విచ్ పట్టణమునకు సమీపమున థార్ప్ వద్ద, ఒక తంతివార్త విషయమై కలిగిన అపార్థము వలన, ఒకే లైనుమీద రెండు రైళ్ళు ఎదురెదురుగా వచ్చి ఢీకొని 25 మంది మరణించిరి. మాటమీద గాని తంతిమీద గాని ఆధారపడుట ప్రమాదకరమని అప్పుడు తేలినది. ఎడ్వర్డ్ టయర్ అను ఇంజనీరు 1878లో ఒక యుక్తి కనిపెట్టెను. రెండు స్టేషనులలోను ఒక్కొక్క పెట్టె యుండును. వానిలో గుండ్రని లోహపు బిళ్ళలుండును. ప్రతి బిళ్ళపై ఆ రెండు స్టేషనుల పేర్లు చెక్కియుండును. పెట్టెలు రెండును విద్యుత్తీగలచే కలుపబడియుండును. ఒక పెట్టెనుండి ఒక బిళ్ళ బయటికి తీసినంతనే రెండు పెట్టెలును బిగిసిపోవును. ఆ బిళ్ళను మరల ఏదో ఒక పెట్టెలో వేయువరకు రెండవ బిళ్ళ రాదు. బిళ్ళ చేతిలో లేనిదే డ్రైవరు బండిని కదపరాదు. ఒకే బిళ్ళ, కనుక ఒకే బండి. ఇంతకంటె సరళమైన రక్షణ ఏముండును?

1921 జనవరి 26న వేల్సు దేశమున ఏబర్‌మ్యూల్ అను చిన్న స్టేషనులో ఈ రక్షణ విఫలమైనది. ఆ స్టేషనుకు తూర్పున మాంట్‌గొమరీ, పడమట న్యూటౌన్ ఉన్నవి. తూర్పునుండి ఒక పాసింజరు, పడమటినుండి ఒక ఎక్స్‌ప్రెస్ రావలసి యుండెను. రెండును ఏబర్‌మ్యూల్‌లో ఒకదాని నొకటి దాటుకొనవలెను. బిళ్ళల పెట్టెలు సిగ్నల్ కేబినులో లేవు. స్టేషను భవనములోని గదిలో నుండెను. స్టేషను మాస్టరు, సిగ్నల్‌మను మాత్రమే వానిని తాకవలెనని నియమము. వాడుకలో మాత్రము స్టేషనులో ఎవరు దగ్గరగానున్న వారే ఆ పని చేయుచుండిరి. ఆనాడు అసలు మాస్టరు సెలవులో నుండగా మరియొకరు బదులు పనిచేయుచుండెను. సిగ్నల్‌మను గాక, 17 ఏండ్ల పోర్టరు, 15 ఏండ్ల బుకింగు కుర్రవాడు ఉండిరి.

మాస్టరు గదిలో లేని సమయమున ఎక్స్‌ప్రెస్‌కు న్యూటౌన్‌నుండి బయలుదేరుటకు అనుమతి ఇయ్యబడెను. ఆ సంగతి మాస్టరునకు ఎవ్వరును చెప్పలేదు. పాసింజరు వచ్చి ఆగెను. కుర్రవాడు డ్రైవరువద్ద మాంట్‌గొమరీ బిళ్ళను తీసికొని పెట్టెలో వేయుటకు పోవుచుండగా మాస్టరు ఎదురయ్యెను. టికెట్టులు వసూలు చేయవలసియున్నందున కుర్రవాడు ఆ బిళ్ళను మాస్టరు చేతిలో పెట్టి, ఎక్స్‌ప్రెస్ ఇంకను దూరముననే యున్నదని తాను నమ్మిన మాట చెప్పి పోయెను. మాస్టరు ఏమనుకొనెను? ఎక్స్‌ప్రెస్ దూరముననున్నదన్నచో పాసింజరు ముందుకు పోవచ్చును. ఈ చేతికి వచ్చినది న్యూటౌన్ బిళ్ళయే కావలెను. ఆయన దానిని డ్రైవరునకు అందించెను. డ్రైవరు తాను కొన్ని నిమిషముల క్రిందట ఇచ్చిన బిళ్ళనే తిరిగి పుచ్చుకొని, దానిపై పేరు చదువక బండిని నడిపెను. సిగ్నళ్ళు చూచువారును, అందరికిని అన్నియు తెలిసియేయున్నవని తలంచి, బండికి దారి ఇచ్చిరి. స్టేషను దాటిన కొలది దూరములోనే రెండు రైళ్ళు ఢీకొనెను. 17 మంది చనిపోయిరి. వారిలో ఆ రైల్వే కంపెనీ డైరెక్టరులలో ఒకరుకూడ నుండిరి.

ఇందులో యంత్రము తప్పు చేయలేదని గమనింపవలెను. న్యూటౌన్ బిళ్ళ ఎక్స్‌ప్రెస్ డ్రైవరు చేతిలో భద్రముగా నుండెను. మాస్టరు స్వయముగా పెట్టెవద్దకు పోయి రెండవ బిళ్ళ కొఱకు ప్రయత్నించి యుండినచో పెట్టె ఇచ్చి యుండెడిది కాదు. ప్రమాదము అక్కడనే ఆగిపోయెడిది. పెట్టెకును డ్రైవరు చేతికిని నడుమనున్న నాలుగడుగుల నేలపై ఏ యంత్రపు రక్షణయు లేదు. అక్కడ నున్నది మనుష్యుల నమ్మకము మాత్రమే.

మరియొక సంగతి. ఆ డ్రైవరు బిళ్ళపై పేరు ఎందులకు చదువలేదు? అంతకుముందు వందలమారులు ఇచ్చిన బిళ్ళ సరియైనదే యగుటచేత. ప్రతిదినము చదివి చూచిన వానికి ప్రతిదినము ఒకే సమాధానము వచ్చును: "సరిగానున్నది". అట్టి సమాధానమునకై కన్ను ఎంతకాలము కష్టపడును? ఒక ఏర్పాటు ఎంత నమ్మదగినదైన, దానిని పరీక్షించు అలవాటు అంత త్వరగా సడలును. చూడదలచినదే కంటికి కనిపించుట మనుష్యుని దృష్టికున్న ధర్మము. అచ్చుప్రతులు దిద్దినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తాము వ్రాసినదానిలోని తప్పు తమకు కనబడదు.

పిమ్మట బిళ్ళల పెట్టెలు సిగ్నల్ కేబినులోనే యుంచుటకును, సరియైన బిళ్ళ పెట్టెనుండి వెలువడనిదే బయలుదేరు సిగ్నలు దిగకుండ రెంటిని ముడివేయుటకును ప్రాధాన్యము వచ్చెను. మన దేశపు రైల్వేలలో ఒంటిలైను సెక్షనులందు చిరకాలము వాడిన నీల్ టోకెను యంత్రములో బిళ్ళకు బదులు ఉక్కు గోళముండును. ప్రక్క ప్రక్క సెక్షనుల గోళములు ఒకదాని యంత్రములో మరియొకటి పట్టకుండ వేరు వేరుగా చేయబడును. వెదురు వలయమునకు తగిలించిన సంచిలో టోకెనును ప్లాట్‌ఫారముపైనుండి డ్రైవరునకు అందించు దృశ్యము పెద్దవారికి పలువురికి గుర్తుండును. ఆ సంచిలోని గోళముపై సెక్షను పేరును చూచి సరిచూచుకొనుట డ్రైవరు విధి. విధి అని వ్రాసినను, దానికి తోడు ఆకారభేదమునుకూడ కల్పించుటయే ఇందలి వివేకము.

ఆకారముచేత చేతికి బుద్ధి చెప్పుట అను ఈ ఉపాయము రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములలో స్పష్టముగా బయటపడినది. బి-17 బాంబర్లు నేలకు దిగిన పిమ్మట పైలట్లు రెక్కల వెనుకటి ఫ్లాపులను ఎత్తబోయి, చక్రములను ముడిచివేయుచుండిరి. విమానము పొట్టమీద కూలబడుచుండెను. ఇది పైలట్ల పొరపాటనియే రికార్డులలో చేరినది. ఆల్ఫన్స్ చపానిస్ అను మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోనికి పోయి చూచెను. రెండు మీటలును ప్రక్క ప్రక్కనే, ఒకే ఆకారమున నుండెను. అలసిన పైలట్ చేతికి వానిని వేరుచేసి చూపునదేదియు లేదు. చక్రముల మీటకు చివర ఒక చిన్న రబ్బరు చక్రమును, ఫ్లాపుల మీటకు రెక్కవంటి ముక్కను తగిలింపగా ఆ పొరపాటు అణగిపోయెను. నేటికిని విమానములలో చక్రముల మీటకు చక్రాకారపు పిడియే యుండును. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్సు అనువారు పైలట్లనుండి ఇట్టి 460 అనుభవములను సేకరించి విశ్లేషించిరి. పైలట్ పొరపాట్లు అనబడిన వానిలో అధికభాగము నిజమునకు మీటల కూర్పులోని లోపములేయని వారి పరిశీలనలో తేలినది.

జపాను ఇంజనీరు షిగెయో షింగో 1961లో ఒక విద్యుత్పరికరముల కర్మాగారమున చూచిన సమస్య ఇంకను చిన్నది. ఒక స్విచ్చి క్రింద రెండు చిన్న స్ప్రింగులు అమర్చవలెను. కార్మికులు అప్పుడప్పుడు ఒకటి మరచుచుండిరి. యజమానులు మందలించుచుండిరి, మరపు ఆగుటలేదు. షింగో చెప్పిన ఉపాయము: పెట్టెనుండి రెండు స్ప్రింగులను ముందుగా ఒక చిన్న పళ్ళెములో వేసికొని, పిమ్మట అమర్చవలెను. పని ముగిసినప్పుడు పళ్ళెములో ఒక స్ప్రింగు మిగిలియున్నచో మరపు వెంటనే కంటికి తెలియును. జ్ఞాపకశక్తిచేత చేయవలసిన పనిని పళ్ళెము చేసినది. ఇట్టి ఏర్పాట్లకు ఆయన మొదట పెట్టిన పేరునకు "మూర్ఖనిరోధము" అని అర్థము. ఒక కర్మాగారములో ఆ మాట విని, తన్ను మూర్ఖురాలిగా ఎంచినారని ఒక కార్మికురాలు కంట తడిపెట్టినదట. షింగో ఆ పేరును మార్చి, "పొరపాటు నిరోధము" అను అర్థమిచ్చు "పోకయోకె" అను పేరును స్థిరపరచెను. మాట మార్పు చిన్నదే కాని, దోషము ఎవరిలోనున్నదను దృష్టి అందులో పూర్తిగా మారినది.

ఇట్టి ఏర్పాట్లు మన చుట్టును కలవు. మూడు కడ్డీల ప్లగ్గులో భూమికి కలుపు కడ్డీ మిగిలిన రెంటికంటె పొడవు. కనుక విద్యుత్తు ప్రవేశించుటకు ముందే రక్షణ ఏర్పడును, ప్లగ్గు తీయునప్పుడు అన్నిటికంటె చివర వదలును. లోపలినుండి మూత బిగియు ప్రెషర్ కుక్కరులో ఆవిరియే మూతను అంచునకు అదిమిపట్టును. పీడనము తగ్గనిదే తెరవనీయదు. మత్తుమందు యంత్రమునకు తగిలించు సిలిండర్లలో ఆక్సిజనుకు, నైట్రస్ ఆక్సైడునకు మొలల స్థానములు వేరు. ఒకదానిచోట మరియొకటి కూర్చొనదు. తరగతిలో విద్యార్థులచేత ఇట్టివానిని ఇంటిలో వెదకించుట మంచి అభ్యాసము.

చేయి తప్పుటను ఆకారము ఆపగలదు. అపోహ సంగతి వేరు. అక్కడ మనిషికి యంత్రము చెప్పు సమాచారమే ముఖ్యము. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలెండు అణువిద్యుత్కేంద్రములో ఒక కవాటము తెరచుకొని, మరల మూసికొనక ఇరుక్కుపోయెను. రియాక్టరును చల్లబరచు నీరు దానినుండి పోవుచుండెను. అదుపుగదిలో ఆ కవాటమునకు సంబంధించిన దీపము మాత్రము ఆరిపోయెను. అనగా కవాటము మూసికొన్నదని అక్కడివారు గ్రహించిరి. నిజమునకు ఆ దీపము చెప్పునది "మూసికొనుమని ఆజ్ఞ పోయినది" అని మాత్రమే. కవాటము ఆ ఆజ్ఞను పాటించినదా లేదా యని చూచు సాధనము దానికి లేదు. అదే సమయమున నూరుకు పైగా హెచ్చరికలు మ్రోగుచుండెను. రెండు గంటలకు పైగా ఆ పొరపాటు ఎవరికిని తెలియలేదు. రియాక్టరు అంతర్భాగము కొంత కరగిపోయెను. ఆజ్ఞ వేరు, ఫలితము వేరు. ఈ రెంటికిని ఒకే దీపము పెట్టినవారి పొరపాటు, ఆ రాత్రి దీపమును నమ్మినవారి పేర వ్రాయబడినది.

మన విశాఖపట్నమున ఆర్.ఆర్. వెంకటాపురమువద్ద 2020 మే 7 తెల్లవారుజామున జరిగిన స్టైరీను ఆవిరి దుర్ఘటనలోను ఇట్టి పాఠమొకటి కలదు. స్టైరీను ద్రవము. దాని అణువులు ఒకదానితో నొకటి కలిసి గొలుసులుగా నేర్పడునప్పుడు వేడి పుట్టును. ఆ వేడి చర్యను ఇంకను త్వరితము చేయును. అందువలన దానిని చల్లగా నుంచి, చర్యను మందగింపజేయు నిరోధక రసాయనమును కలుపవలెను. లాక్‌డౌను కాలమున ఆ ట్యాంకు కదలిక లేక నిలువయుండెను. చల్లబరచు ఏర్పాటు రాత్రులందు నడచుట లేదు. ఉష్ణోగ్రతను కొలుచు సాధనము ట్యాంకు అడుగునమాత్రమే యుండెను. వేడెక్కిన ద్రవము తేలికయై పైకి చేరునని ఉన్నత పాఠశాల విద్యార్థికిని తెలిసిన విషయము. పై పొరలు కాగుచుండగా, అడుగుననున్న సాధనము అంతయు చల్లగానే యున్నదని చూపుచుండెను. ప్రభుత్వపు లెక్క ప్రకారము 12 మంది చనిపోయిరి. దుర్ఘటన తరువాతి విచారణలో నిరోధకపు కొరత, సైరను మ్రోగింపకుండుట మొదలైన లోపములుకూడ బయటపడినవి. పుటలకొలది చదివినవారు కనుగొన్నవి ఇవి; కాని ఆ రాత్రి పనిలోనున్నవాడు చూడగలిగినది ఆ అడుగు ఉష్ణోగ్రతను మాత్రమే.

త్రీ మైల్ ఐలెండు తెల్లవారుజాము నాలుగు గంటలకు, భోపాలు 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరేయి, చెర్నోబిల్ 1986 ఏప్రిల్ 26న రాత్రి ఒంటిగంట దాటిన పిమ్మట, విశాఖ తెల్లవారకముందు. రాత్రివేళయే వీనికి కారణమని చెప్పుట తొందరపాటగును. ప్రతిదానికి కారణములు పెక్కు కలవు. అయినను శరీరములోని దినచక్రమును అనుసరించి రాత్రి రెండవ జామునుండి తెల్లవారువరకు మెలకువ, చురుకుదనము తగ్గునని ప్రయోగములవలన తెలిసినదే. పని వంతులను నిర్ణయించువారు దీనిని మరువరాదు.

ఇక నియమమును తెలిసియు దాటువాని సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 21వ సెక్షను, తిరుగు యంత్రభాగములకు గట్టి కంచె యుండవలెనని విధించినది. కంచె పెట్టుదురు, కొలదిదినములకు అది గోడకు ఆనించి కనిపించును. రేకులను కత్తిరించు ప్రెస్సునకు రెండు బొత్తాములు దూరదూరముగా పెట్టి, రెండు చేతులును వానిపై నున్నప్పుడే యంత్రము కదలునట్లు చేసిన, ఒక బొత్తామును కర్రముక్కతో బిగించి ఒంటిచేత్తో నడుపుదురు. ఇది మొండితనమని తోచవచ్చును. కాని ముక్కల లెక్కన కూలి యిచ్చుచోట, ఆ కంచె నిమిషమునకు రెండు ముక్కలు తగ్గించినచో, కంచె ఖరీదును చెల్లించుచున్నది కార్మికుడే. అతడు ప్రతిదినము ఆ నష్టమును చూచును. ప్రమాదమును ఏండ్ల తరబడి చూడడు. పనిని అడ్డని కంచెను తయారుచేయుట, కూలి పద్ధతిని సరిచేయుట యజమాని చేతిలోని పనులు. పల్లెలలో నూర్పిడి యంత్రములు చేతులను లాగివేయుట చూచి 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రముల చట్టమును చేసినది. అందలి ముఖ్య సూత్రము కేవలము రేఖాగణితమే: కంకులను త్రోయు తొట్టి మనుష్యుని చేయికంటె పొడవుగా, మూతతో నున్నచో, చేయి డ్రమ్మును చేరలేదు. రైతు రాత్రి నిద్రమత్తులో నున్నను ఈ కొలత మెలకువగానే యుండును.

మరమ్మత్తు పనిలోను ఇట్టి సాధారణమైన ఉపాయమే చాల ప్రాణములను కాపాడినది. యంత్రములో చేయిపెట్టు ఫిట్టరు ముందుగా మెయిన్ స్విచ్చిని ఆపి, దానికి తన సొంత తాళమును వేసి, తాళపుచెవిని తన జేబులో నుంచుకొనవలెను. ఐదుగురు పనిచేయుచున్నచో ఐదు తాళములు. అందరును బయటికి వచ్చి తమ తాళములను తీయనిదే స్విచ్చి కదలదు. "లోపల ఎవరైనా ఉన్నారా?" అని కేకవేసి, సమాధానము లేకున్న స్విచ్చి వేయు పాత వాడుకకును దీనికిని ఎంత భేదము!

మనుష్యుని గమనమును పెంచు మార్గములు లేకపోలేదు. జపాను రైల్వే సిబ్బంది సిగ్నలువైపు వ్రేలు చూపి, దాని స్థితిని పైకి పలుకుదురు. కన్ను, చేయి, నోరు, చెవి నాలుగును ఒక పనిలో పాల్గొనుటచేత, అలవాటుచే చూపు జారిపోకుండును. 1990 దశకమున అక్కడి రైల్వే పరిశోధనసంస్థ జరిపిన ప్రయోగములలో ఈ పద్ధతివలన పొరపాట్లు దాదాపు ఆరవవంతునకు తగ్గినవి. మన రైళ్ళలోను డ్రైవరు, సహాయకుడు సిగ్నలు రంగును ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకొందురు. ఏబర్‌మ్యూల్ డ్రైవరు బిళ్ళపై పేరును పైకి చదువవలసి యుండినచో? చదివిన పేరు విని ప్రక్కనున్న ఫైర్‌మను వెంటనే తలయెత్తి చూచియుండెడివాడు.

తప్పిపోయిన ప్రమాదములను గూర్చి వినుటయు అంతే ముఖ్యము. ప్రతి దుర్ఘటనకు ముందు "కొద్దిలో తప్పినది" అను సంఘటనలు జరుగుచుండును. శిక్ష భయముచే వానిని ఎవరును చెప్పరు. 1976లో అమెరికాలో పైలట్లు తమ పొరపాట్లను రహస్యముగా తెలుపుటకు ఒక పద్ధతిని ఏర్పరచినప్పుడు, ఆ లేఖలను స్వీకరించు బాధ్యతను లైసెన్సు రద్దుచేయు అధికారముగల శాఖకు గాక, అంతరిక్ష పరిశోధన సంస్థయైన నాసాకు అప్పగించిరి. శిక్షించు చేతిలోనికి ఎవరును తమంతట తాము తప్పును వ్రాసి పంపరు గదా. మనస్ఫూర్తిగా చేసిన ద్రోహమును, తాగి బండి నడిపిన దానిని ఇందులో కలుపనక్కరలేదు. వానికి చట్టము కలదు.

రైల్వేలలో నేడు రక్షణ ఇంకొక మెట్టు పైకి పోయినది. ఎఱ్ఱదీపమును డ్రైవరు గమనింపకున్నను తనంతట తానే బ్రేకు వేయు "కవచ్" పద్ధతిని మన దేశములోనే రూపొందించి, ముందుగా దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మేర అమర్చిరి. 2022 మార్చి 4న సికిందరాబాదు డివిజనులో గుల్లగూడ, చిట్గిద్ద స్టేషనుల నడుమ ఎదురెదురుగా నడపిన ఇంజను, ఢీకొనకముందే తానై ఆగినది. కాని ఇట్టి యంత్రములను అమర్చువారును, మరమ్మత్తు చేయువారును మనుష్యులే. 2023 జూన్ 2న ఒడిశాలో బాహానగా బజారు స్టేషనువద్ద, చెన్నైకి పోవు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనుకు పచ్చదీపము చూపబడగా, పట్టాలు మాత్రము ప్రక్కలైనువైపు తిరిగియుండెను. అక్కడ నిలిచియున్న గూడ్సుబండిని అది ఢీకొనెను. మరణించినవారు 290కి పైగా. గేటువద్దనున్న పెట్టెలో వైరులపై గుర్తులు వాస్తవముతో సరిపోక ఏండ్ల తరబడి ఎవరికంటను పడలేదనియు, మరమ్మత్తు సమయమున ఆ తప్పు గుర్తులే దారి తప్పించినవనియు రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినది. సిగ్నలు చెప్పినది ఒకటి, పట్టాలున్నది ఒకటి: త్రీ మైల్ ఐలెండు దీపమునకును దీనికిని పోలిక కలదు. ఇట్టి పనికి నియమము పాతదే. పనికి ముందు సిగ్నలును వేరుచేసినట్లు స్టేషను మాస్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. వైరులు తిరిగి కలిపిన పిమ్మట, కాగితముమీద గాక, పట్టాలవద్దకు ఒక మనిషిని పంపి, అవి ఎటు తిరిగియున్నవో కంటితో చూచి, సిగ్నలు చెప్పుదానితో సరిపోల్చిన పిదపనే మొదటి బండిని వదలవలెను.